సెప్టెంబర్ పిల్లలు, ఆగస్టు పిల్లలు: సెలక్షన్ లిస్ట్ వెనక పుట్టిన నెల చేసే పని

అండర్-19 వరల్డ్ కప్‌లలో ఇండియా కెప్టెన్ల పుట్టినరోజులు ఒకసారి వరసగా చూడండి. 2008లో విరాట్ కోహ్లీ, నవంబర్ 5. 2010లో అశోక్ మెనారియా, అక్టోబర్ 29. 2014లో విజయ్ జోల్, నవంబర్ 23. 2020లో ప్రియం గార్గ్, నవంబర్ 30. 2022లో యశ్ ధుల్, నవంబర్ 11. 2024లో ఉదయ్ సహారన్, సెప్టెంబర్ 8. 2008 నుంచి 2024 దాకా మొత్తం తొమ్మిది టోర్నీలు జరిగితే ఏడుగురు కెప్టెన్లు సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ నెలల్లోనే పుట్టారు. ఆ ఏడో పేరు 2018 కెప్టెన్ పృథ్వీ షా, ఆయనదీ నవంబరే గానీ ఆ టోర్నీకి అర్హుల్లో అందరికంటే పెద్దవాళ్ల కంటే ఒక ఏడాది చిన్న. మిగిలిన ఇద్దరిలో ఉన్ముక్త్ చంద్ మార్చి, ఇషాన్ కిషన్ జులై.

ఇది జాతకం కాదు, వాతావరణం కాదు. ఈ టోర్నీకి ఎవరు అర్హులో చెప్పే తేదీ సెప్టెంబర్ 1. 2024 టోర్నీ ఆడాలంటే 2004 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. సహారన్ ఆ గీత దాటింది ఒక్క వారంతో. అదే అబ్బాయి ఒక తొమ్మిది రోజులు ముందు పుట్టి ఉంటే 2024కి ఓవరేజ్ అయ్యేవాడు, 2022 జట్టులోకి రావాలంటే తనకంటే దాదాపు రెండేళ్లు పెద్దవాళ్లతో పోటీ పడాల్సి వచ్చేది.

తొమ్మిది పేర్లతో ఏదీ రుజువు కాదు, అది ముందే ఒప్పుకుందాం, పైగా వీళ్లంతా నిజంగా బాగా ఆడేవాళ్లే, ఎవరి టాలెంట్‌నీ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ వరస వెనక ఉన్న విషయాన్ని నలభై ఏళ్లుగా చాలా దేశాల్లో, చాలా ఆటల్లో కొలిచి చూశారు. దాన్ని రిలేటివ్ ఏజ్ ఎఫెక్ట్ అంటారు, అంటే ఒకే వయసు గ్రూపులో కొన్ని నెలలు పెద్దగా ఉన్న పిల్లలకి సెలక్షన్‌లో దొరికే లాభం. హైదరాబాద్‌లో పొద్దున ఐదున్నరకే కిట్ బ్యాగ్ బైక్ ముందు పెట్టుకుని పిల్లల్ని నెట్స్‌కి తీసుకెళ్లే అమ్మానాన్నల్లో చాలామందికి దీని గురించి ఎవరూ చెప్పలేదు. సెలక్షన్‌లో పేరు రాకపోతే మావాడిలో సరుకు లేదేమో అని, వస్తే మావాడు పుట్టుకతోనే స్టార్ అని అనుకుంటున్నారు, రెండూ తొందరపాటే అవ్వొచ్చు.

దీన్ని మొదట పట్టుకుంది కెనడాలో, ఐస్ హాకీలో. లెత్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో రోజర్ బార్న్స్‌లీ అనే సైకాలజిస్ట్, ఆయన భార్య పౌలా ఒక జూనియర్ హాకీ మ్యాచ్‌కి వెళ్లారు. అక్కడ ఇచ్చిన ప్రోగ్రామ్ కాగితంలో ఆటగాళ్ల వివరాలు చదువుతుంటే పౌలాకి ఒకటి కంట్లో పడింది, చాలామంది జనవరి, ఫిబ్రవరి, మార్చిలోనే పుట్టారు. ఆమె చూపించాక రోజర్ ఇంటికెళ్లి మిగతా జట్ల వివరాలు కూడా తీసి లెక్కపెట్టాడు, అన్నిచోట్లా అదే కథ. 1985లో దాని మీద పేపర్ వేశారు. కెనడా హాకీలో వయసు గ్రూపుల కటాఫ్ జనవరి 1. పై స్థాయి జట్లలో సుమారుగా చూస్తే వంద మందిలో 40 మంది ఏడాది మొదటి మూడు నెలల్లో, 30 మంది తర్వాతి మూడు నెలల్లో, 20 మంది ఆ తర్వాత, చివరి మూడు నెలల్లో పుట్టినవాళ్లు ఒక 10 మంది. మామూలు జనాభాలో ఒక్కో మూడు నెలలకి పాతిక చొప్పున ఉండాల్సింది.

2009లో స్టీఫెన్ కోబ్లీ బృందం అప్పటిదాకా వచ్చిన 38 అధ్యయనాలు కలిపి చూసింది, 14 ఆటలు, 16 దేశాలు. ప్రభావం ఉంది, అదీ 15 నుంచి 18 ఏళ్ల వయసులో, రాష్ట్ర జట్టు, దేశ జట్టు లాంటి సెలక్షన్ స్థాయిలో ఎక్కువగా కనిపించింది. పోటీ ఎక్కువ ఉన్నచోట, ఒళ్లు పెద్దగా ఉంటే లాభం ఉన్న ఆటల్లో గట్టిగా ఉంటుంది. సరదాగా ఆడుకునే స్థాయిలో తక్కువ.

అసలు పది పదకొండు నెలల తేడా అంత పని ఎలా చేస్తుంది? ముప్పై ఏళ్లవాడి జీవితంలో 11 నెలలంటే 3 శాతం, ఎవరూ పట్టించుకోరు. ఎనిమిదేళ్ల పిల్లాడికి అదే 11 నెలలు వాడు బతికిన కాలంలో పదకొండు శాతం పైనే. ఆ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు, పరుగు మారుతుంది, చెయ్యి-కన్ను కుదురు మారుతుంది, కోచ్ చెప్పింది విని రెండు నిమిషాలు గుర్తుపెట్టుకునే ఓపిక కూడా మారుతుంది (ఈ చివరిది మనం లెక్కలోకి తీసుకోం, కానీ చిన్నపిల్లల కోచింగ్‌లో సగం ఆటంతా అదే). ఒకే మడిలో నెల ముందు పోసిన నారునీ నెల తర్వాత పోసిన నారునీ పక్కపక్కన పెట్టి ఎత్తు కొలిచి విత్తనం మంచిదా చెడ్డదా చెప్పేస్తే రైతు ఎవరైనా ఒప్పుకుంటాడా? పిల్లల సెలక్షన్స్‌లో మనం చేస్తున్నది అదే, అదీ అందరూ ఒకే అండర్-14 కదా, న్యాయంగానే ఉంది కదా అనుకుంటూ.

ఇక్కడితో ఆగితే పెద్ద నష్టం లేదు, ఎందుకంటే పదహారు, పదిహేడు వచ్చేసరికి ఆ తేడా దానంతట అదే కరిగిపోవాలి. కరగదు, ఎందుకంటే మధ్యలో సెలక్షన్ జరిగిపోయింది. పదేళ్లప్పుడు కొంచెం పెద్దగా ఉన్నవాడికి ఎ-టీమ్‌లో చోటు వచ్చింది, ఎ-టీమ్‌కి మంచి కోచ్, వారానికి రెండు మ్యాచ్‌లు, టర్ఫ్ వికెట్, కొత్త బంతితో మొదట బ్యాటింగ్. చిన్నోడు బి-టీమ్‌లో, మ్యాచ్‌లో తొమ్మిదో నంబర్‌లో దిగి మూడు బంతులు ఆడి వస్తాడు, ఫైన్ లెగ్‌లో నిలబడతాడు. నాలుగేళ్లు అలా గడిచాక ఇద్దరినీ పక్కన పెట్టి చూస్తే అప్పుడు నిజంగానే మొదటివాడు మెరుగు, పుట్టుకతో వచ్చిన తేడా కాకపోయినా ఇప్పుడది నిజమైన తేడానే. కోచ్‌కి తన అంచనా కరెక్ట్ అయిందనే అనిపిస్తుంది. పిల్లాడికీ అంతే, నువ్వు బాగా ఆడతావురా అని నలుగురూ అంటుంటే ఇంకో గంట ఎక్కువ ఆడతాడు, అననివాడు మెల్లగా టెన్త్ క్లాస్ పేరు చెప్పి మానేస్తాడు. కట్-ఆఫ్ తర్వాత నెలల్లో పుట్టినవాళ్ల కంటే కట్-ఆఫ్‌కి ముందు నెలల్లో పుట్టిన చిన్నోళ్లు ఆట మానేసేది ఎక్కువని ఫ్రాన్స్ ఫుట్‌బాల్‌లో చూశారు కూడా.

నెలకి స్వతహాగా ఏ మహిమా లేదనడానికి మంచి రుజువు బెల్జియంలో దొరికింది. అక్కడ యూత్ ఫుట్‌బాల్ కటాఫ్ ఒకప్పుడు ఆగస్టు 1, 1997లో అంతర్జాతీయ నిబంధనకి తగ్గట్టు జనవరి 1కి మార్చారు. మార్చకముందు సెలక్షన్‌లో ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ పిల్లలు నిండి ఉండేవాళ్లు, మార్చాక కొద్దికాలానికే జనవరి, ఫిబ్రవరి, మార్చి పిల్లలు. వెర్నర్ హెల్సన్ బృందం 2000లో ఇది బయటపెట్టింది. అదే దేశం, అదే తిండి, అదే గ్రౌండ్లు, కాగితం మీద ఒక తేదీ మారింది, టాలెంట్ అనుకున్నది ఇంకో నెలకి వెళ్లిపోయింది. జపాన్‌లో స్కూల్ ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, అక్కడ ప్రొఫెషనల్ బేస్‌బాల్, ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఏప్రిల్ నుంచి జూన్ మధ్య పుట్టినవాళ్లు ఎక్కువ. ఇంగ్లండ్‌లో గీత సెప్టెంబర్ 1, అందుకే అక్కడి ఫుట్‌బాల్ అకాడమీల్లో శరత్కాలం పిల్లలదే రాజ్యం.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన దగ్గర తమాషా ఏంటంటే ఆటని బట్టి గీత మారుతుంది. బీసీసీఐ వయసు గ్రూపులకి సెప్టెంబర్ 1. ఫుట్‌బాల్‌కి, బ్యాడ్మింటన్‌కి జనవరి 1. అంటే డిసెంబర్ చివర్లో పుట్టిన అమ్మాయి గచ్చిబౌలిలో బ్యాడ్మింటన్ ఆడితే తన ఏడాది బ్యాచ్‌లో అందరికంటే చిన్నది, అదే అమ్మాయి క్రికెట్ బ్యాట్ పట్టుకుంటే పెద్దవాళ్ల వైపు ఉంటుంది. ఆగస్టు 25న పుట్టిన అబ్బాయి, సెప్టెంబర్ 5న పుట్టిన అబ్బాయి పక్కపక్క ఫ్లాట్లలో ఉండి ఒకే ఆటోలో ఒకే స్కూల్‌కి వెళ్లినా, క్రికెట్ లెక్కలో ఒకడు తన బ్యాచ్‌కి తమ్ముడు, ఇంకొకడు తర్వాతి బ్యాచ్‌కి అన్న.

పైగా మన గ్రూపులు రెండేళ్లకోటి, అండర్-14, అండర్-16, అందులో మొదటి ఏడాది ఉన్నవాడు రెండో ఏడాది ఉన్నవాడితో ఆడాలి. ఆగస్టు పిల్లాడు అండర్-16లో మొదటి ఏడాది అడుగుపెడితే ఎదురుగా బౌలింగ్ వేసేవాడు వాడికంటే దాదాపు ఇరవై నాలుగు నెలలు పెద్ద అయ్యి ఉండొచ్చు. పద్నాలుగేళ్లకీ పదహారేళ్లకీ మధ్య ఇరవై నాలుగు నెలలంటే గొంతు మారినవాడికీ మారనివాడికీ ఉన్న తేడా.

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌నే తీసుకోండి. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు, అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలకి పెట్టే పరీక్షల్లో ఎత్తు, బరువు, నిలబడి ముందుకి దూకడం, పైకి ఎగరడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు లాంటివి ఉంటాయి. పల్లెటూరి పేద పిల్లలకి తిండి, చదువు, కోచింగ్ ఇచ్చే ఇలాంటి స్కూల్ ఉండటం గొప్ప విషయం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఈ పరీక్షల్లో ప్రతి ఒక్కటీ వయసుతో పెరిగేదే. తొమ్మిదేళ్లకి దగ్గరగా ఉన్న పిల్లాడికీ ఎనిమిది దాటిన పిల్లాడికీ ఒకే పట్టికలోంచి మార్కులు వేస్తే మనం కొలిచేది కొంత శక్తిని, కొంత క్యాలెండర్‌ని. పుట్టిన నెలని బట్టి పట్టిక సర్దుకుంటే ఈ స్కూల్ ఉద్దేశమే ఇంకా బాగా నెరవేరుతుంది, అది ఎలా చేస్తారో కింద చెప్తాను.

ఈ మాట విని ఎవరికో ఒక ఆలోచన వస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నా. తెలంగాణలో జరిగే కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, ఆపరేషన్‌కి ముహూర్తం పెట్టించుకోవడం మనోళ్లకి కొత్తేం కాదు. దయచేసి క్రికెట్ కటాఫ్ చూసి ఎవరూ డెలివరీ డేట్ అటూ ఇటూ జరపకండి. ఇది వేల మంది పిల్లల్ని కలిపి చూస్తే కనిపించే మొగ్గు, ఒక్క పిల్లాడి జీవితంలో ఇది రాత కాదు, పైగా వాడు ఏ ఆట ఆడతాడో, అప్పటికి గీత ఏ నెలలో ఉంటుందో ఎవరికి తెలుసు.

ఇక అసలు చిక్కుముడి వయసు దొంగతనం దగ్గర ఉంది, ఈ ముక్క కెనడాలోనో బెల్జియంలోనో అంతగా రాదు, మన దగ్గర మాత్రం ఇది లేకుండా మాట్లాడితే సగం కథే చెప్పినట్టు. మన తాతల, నాన్నల తరంలో స్కూల్లో చేర్పించినప్పుడు పంతులుగారు రాసిన జూన్ తేదీయే సర్టిఫికెట్ పుట్టినరోజు, అసలు పుట్టినరోజు వేరే. అది అమాయకత్వం. కానీ ఆటల్లో ఏడాది, రెండేళ్లు తగ్గించి సర్టిఫికెట్ తెప్పించడం అమాయకత్వం కాదు. ఎందుకు చేస్తారో ఆలోచిస్తే తెలుస్తుంది, పెద్దగా ఉన్న పిల్లాడికి సెలక్షన్‌లో లాభం అని అందరికీ మనసులో తెలుసు కాబట్టే. సెప్టెంబర్ పిల్లాడికి క్యాలెండర్ ఫ్రీగా ఇచ్చిన నెలల్ని, ఓవరేజ్ పిల్లాడు దొంగ కాగితంతో కొనుక్కుంటున్నాడు. రెండోది తప్పు, మొదటిది తప్పు కాదు, కానీ రెండింటికీ మూలం ఒకటే, మనం చిన్న వయసులో ఒళ్లు చూసి ఆట అనుకుంటున్నాం. రాహుల్ ద్రవిడ్ 2015 డిసెంబర్‌లో పటౌడీ స్మారక ఉపన్యాసంలో ఈ ఓవరేజ్ జబ్బు గురించి గట్టిగా మాట్లాడాడు. 2020లో బీసీసీఐ తప్పు ఒప్పుకున్నవాళ్లకి శిక్ష లేదని, దొరికినవాళ్లకి రెండేళ్ల బ్యాన్ అని ప్రకటించింది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చాలు అని చట్టం మారింది, ఆ పిల్లలు ట్రయల్స్‌కి వచ్చే రోజులకి కాగితం గోల కొంత తగ్గాలి.

అప్పటిదాకా ఉన్నది బోన్ టెస్ట్. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి, ఎముకలు ఎంతవరకు పెరిగి కలిశాయో చూసి, టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో ఎముక వయసు ఎంతో లెక్కకడతారు. అబ్బాయిలకి అండర్-16, అమ్మాయిలకి అండర్-15 దగ్గర బీసీసీఐ దీన్ని వాడుతుంది. ఫుట్‌బాల్‌లో 2009 నుంచి అండర్-17 వరల్డ్ కప్‌లకి ఎంఆర్ఐ తీస్తున్నారు. దొంగతనం ఆపడానికి ఇవి అవసరమే, కానీ ఇందులో ఒక మెలిక ఉంది.

ఎముక వయసూ పుట్టిన వయసూ ఒకటి కాదు. ఒకే రోజు పుట్టిన ఇద్దరు అబ్బాయిల్లో ఒకడికి పన్నెండుకే మీసకట్టు వస్తుంది, ఇంకొకడికి పదిహేను దాటాక. పదమూడేళ్ల అబ్బాయిలు పాతిక మందిని తీసుకుంటే వాళ్ల శరీరాల వయసులో నాలుగైదేళ్ల తేడా ఉండటం మామూలే, అది జబ్బు కాదు, కుటుంబాన్ని బట్టి, తిండిని బట్టి వచ్చే తేడా. కాబట్టి నిజాయితీగా పదిహేనేళ్ల తొమ్మిది నెలలున్న సెప్టెంబర్ పిల్లాడు తొందరగా ఎదిగాడనుకోండి, ఎముక వయసు గీత దాటొచ్చు, బయటికి పంపేస్తారు, కాలనీలో దొంగ సర్టిఫికెట్ అన్న పేరు వస్తుంది. ఇంకోపక్క నిజంగా ఏడాది తగ్గించి రాయించుకున్న పిల్లాడు లేటుగా ఎదిగేరకం అయితే టెస్ట్ హాయిగా పాసైపోతాడు. పైగా ఒకసారి టెస్ట్ చేసి, తర్వాతి ఏడాదికి ఆ అంకెకి ఒకటి కలిపేసి చెల్లడు అనేవాళ్లు, ఎముకలు అలా క్యాలెండర్‌తో పాటు సరిగ్గా ఏడాదికి ఏడాది పెరగవు కదా. 2025లో ఇలాంటి పిల్లలకి రెండోసారి టెస్ట్ చేయించుకునే వీలు ఇచ్చారు, మంచి పని చేశారు.

అందుకే పుట్టిన నెల వేరు, ఎదుగుదల వేగం వేరు అని విడివిడిగా చూడాలి. నెల ప్రభావం ఆరేడేళ్ల వయసులోనే మొదలవుతుంది, స్కూల్ గ్రౌండ్‌లోనే. ఎదుగుదల ప్రభావం అబ్బాయిల్లో పన్నెండు, పదమూడు తర్వాత వస్తుంది, పద్నాలుగు అటూ ఇటూ ఏడాదికి తొమ్మిది, పది సెంటీమీటర్లు పెరిగే టైంలో తారస్థాయికి వెళ్తుంది. ఆగస్టులో పుట్టి తొందరగా ఎదిగినవాడు మొదటి నష్టాన్ని రెండో లాభంతో పూడ్చుకుంటాడు. ఆగస్టులో పుట్టి లేటుగా ఎదిగేవాడికి రెండు దెబ్బలూ తగులుతాయి, మనం ఎక్కువగా పోగొట్టుకునేది ఈ పిల్లాడినే, వాడు బౌన్సర్ ఆడలేక కాదు, బంతి వాడి ఛాతీకి రావాల్సింది తలకి వస్తోంది కాబట్టి.

అమ్మాయిల్లో కథ కొంచెం వేరు. ప్రభావం ఉంది గానీ సాధారణంగా తక్కువ. ఒక కారణం పోటీ, ఒక్కో చోటుకి ముప్పై మంది వస్తే చిన్న తేడా కూడా జల్లెడ పడుతుంది, ముగ్గురే వస్తే అందరికీ చోటు దొరుకుతుంది. ఇంకో కారణం అమ్మాయిలు తొందరగా ఎదుగుతారు, జిమ్నాస్టిక్స్ లాంటి ఆటల్లో చిన్న శరీరమే లాభం, అక్కడ లెక్క తలకిందులు కూడా అవుతుంది. భద్రాచలం నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో ఆట నేర్చుకున్న గొంగడి త్రిష 2025 అండర్-19 మహిళల వరల్డ్ కప్‌లో 309 పరుగులతో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయ్యింది. ఆమె పుట్టింది 2005 డిసెంబర్ 15, అంటే ఆ టోర్నీకి పెద్దవాళ్ల వైపే, కానీ 2023లో తనకంటే పెద్దవాళ్ల మధ్య కూడా జట్టులో ఉంది. త్రిష చూపిన దారిలో ఇప్పుడు ట్రయల్స్‌కి వచ్చే అమ్మాయిలు పెరుగుతున్నారు, సంతోషం, దాంతోపాటే ఈ నెలల తేడా అక్కడా గట్టిపడుతుంది, ఇప్పటినుంచే చూసుకోవాలి.

చిన్నోళ్లు చివరికి గెలుస్తారు అనే మాట కూడా ఒకటి తిరుగుతుంటుంది. అందులో నిజముంది. కెనడా హాకీలోనే 2012లో వచ్చిన అధ్యయనంలో మామూలు ప్రొఫెషనల్ స్థాయిలో జనవరి పిల్లలు ఎక్కువున్నా, ఆల్-స్టార్, ఒలింపిక్ జట్ల స్థాయికి వెళ్లేసరికి ఆ మొగ్గు తిరగబడింది. 2013లో ఇంకో బృందం ఏడాది చివర్లో పుట్టినవాళ్లని డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునేటప్పుడు, వాళ్ల అసలు విలువ కంటే వెనక తీసుకుంటున్నారని చూపించింది, ఆ తర్వాత వాళ్లు ఆడిన ఆట అంచనాల్ని మించింది. ఇంగ్లండ్ రగ్బీ, క్రికెట్ అకాడమీల్లోనూ చేరేటప్పుడు పెద్ద పిల్లలు ఎక్కువ, పై స్థాయికి చేరేవాళ్లలో చిన్న పిల్లల వాటా మెరుగు. హ్యారీ కేన్ జులై 28న పుట్టాడు, ఇంగ్లండ్ లెక్కలో బ్యాచ్‌కి చివర, చిన్నప్పుడే ఆర్సెనల్ వదిలేసింది, తర్వాత ఆ దేశ జట్టుకి అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది ఆయనే. బలంతో గెలవలేనివాడు టెక్నిక్, చురుకైన ఆలోచన, ఓర్పు నేర్చుకుంటాడు, ఒళ్లు సమానం అయ్యాక అవి మిగులుతాయి.

కానీ దీన్ని ఓదార్పుగా వాడటం నాకు నచ్చదు. చిన్నోడు రాటుదేలుతాడు లెండి అని చెప్పేటప్పుడు మనం చూస్తున్నది మిగిలినవాళ్లని మాత్రమే, పదమూడేళ్లకే బ్యాట్ అటక మీద పెట్టేసినవాళ్లు ఏ లెక్కలోనూ లేరు. ఒకరు రాటుదేలడానికి పదిమంది మానేయడం మంచి పద్ధతి కాదు.

పక్కదారి ఉన్న ఆటల్లో ఈ నష్టం కొంత తగ్గుతుంది. మన సిరాజ్ వయసు గ్రూపుల నిచ్చెన ఎక్కి రాలేదు, టెన్నిస్ బంతితో ఆడుతూ పెరిగాడు, 2015లో క్లబ్ క్రికెట్‌లోకి వచ్చి అదే ఏడాది నవంబర్‌లో ఇరవై ఒకటో ఏట రంజీ ఆడాడు, తర్వాతి సీజన్‌లో 41 వికెట్లు తీశాడు, 2020 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో టెస్ట్. ఫాస్ట్ బౌలింగ్‌కి ఇంకా ఆ తలుపు తెరిచి ఉంది, ఇరవై దాటాక కూడా నూట నలభై వేస్తే ఎవరైనా చూస్తారు. బ్యాడ్మింటన్‌కో స్విమ్మింగ్‌కో అలాంటి తలుపు లేదు, పదకొండేళ్లకి కోర్టు దొరకనివాడికి పంతొమ్మిదికి ఆట రాదు. ఆ ఆటల్లో మొదటి సెలక్షన్ ఎంత తొందరగా జరిగితే అంత నష్టం.

మరి ఏం చేయొచ్చు. పరుగు, ఈత లాంటి కొలిచే ఆటల్లో అయితే టైమింగ్‌ని వయసుకి సర్దొచ్చు. స్విట్జర్లాండ్‌లో పిల్లల 60 మీటర్ల పరుగు టైమ్‌లు తీసుకుని, ఒక్కో రోజు వయసుకి సగటున ఎంత వేగం పెరుగుతుందో లెక్కగట్టి, చిన్నోళ్ల టైమ్‌లని ఆ మేరకు సర్దితే పై వరసలోని నెలల మొగ్గు పోయిందని 2015లో చూపించారు. పైన హకీంపేట గురించి అన్నది ఇదే, దానికి కావాల్సింది ఒక ఎక్సెల్ షీట్, ఇన్నేళ్ల పాత మార్కులు. ఇంగ్లండ్‌లో స్క్వాష్ పిల్లల్ని అందరినీ ఒకే తేదీన కాకుండా ఎవరి పుట్టినరోజు నాడు వాళ్లని పై గ్రూప్‌కి పంపుతారు, దాంతో ప్రతి పిల్లాడూ కొన్నాళ్లు పెద్దోడిగా, కొన్నాళ్లు చిన్నోడిగా ఆడతాడు. బ్యాడ్మింటన్, టెన్నిస్ అకాడమీల్లో లోపల పెట్టుకునే టోర్నీలకి ఇది రేపటి నుంచే చేయొచ్చు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అకాడమీలు బయో-బ్యాండింగ్ అని, అప్పుడప్పుడు పిల్లల్ని పుట్టిన ఏడాదితో కాకుండా ఎదుగుదల దశతో జట్లు చేసి ఆడిస్తున్నాయి. తొందరగా ఎదిగినవాడికి కూడా దాంతో లాభం ఉంది, మొదటిసారి తనంత ఒళ్లున్నవాడు ఎదురవుతాడు, తోసేసి గెలవడం కుదరదు, పాస్ ఇవ్వడం నేర్చుకుంటాడు. బెల్జియం అయితే లేటుగా ఎదిగే పిల్లలకి విడిగా జాతీయ జట్టే పెట్టింది.

సెప్టెంబర్ పిల్లాడి అమ్మానాన్నలకి కూడా ఒక మాట, ఎందుకంటే వీళ్లకి ఎవరూ ఏమీ చెప్పరు, అంతా బాగానే ఉంది కదా అని. మీవాడు పన్నెండేళ్లకి అందరి కంటే దూరం కొడుతుంటే ఆ దూరంలో కొంత భాగం పదిహేడుకి ఉండదు, మిగతావాళ్లు అందుకుంటారు. అప్పుడు వాడికి ఏమైంది, ఫోన్ ఎక్కువైందా, సోకులు ఎక్కువయ్యాయా అని తిట్టకండి, వాడు తగ్గలేదు, పక్కవాళ్లు పెరిగారు. ఆ రోజు రాకముందే స్పిన్ ఆడటం, స్ట్రైక్ మార్చడం, బలం అక్కర్లేని ఆట నేర్పించమని కోచ్ సార్‌ని అడగండి. వీలైతే అప్పుడప్పుడు పై వయసు వాళ్లతో ఆడించండి.

ఆగస్టు పిల్లాడి ఇంట్లో అయితే మొదటి పని వాడికి ఈ లెక్క చెప్పడం. నువ్వు ఈ జట్టులో అందరికంటే పది నెలలు చిన్నరా అని పేర్లూ తేదీలూ పక్కపక్కన రాసి చూపిస్తే తొమ్మిదేళ్ల పిల్లాడికీ అర్థమవుతుంది. కోచ్‌ని అడగాల్సింది వాడు సెలెక్ట్ అవుతాడా అని కాదు, పోయిన ఏడాది కంటే ఏం మెరుగయ్యాడు అని. మ్యాచ్‌లు దొరకని అకాడమీలో పేరు కోసం కూర్చోబెట్టడం కంటే రోజూ బ్యాటింగ్ దొరికే చిన్న క్లబ్ మేలు. ఇంట్లో తలుపు దగ్గర గోడ మీద ఎత్తు గీతలు పెట్టండి, మూడు నెలలకోసారి, ఒక్కసారిగా పెరగడం మొదలైనప్పుడు తెలుస్తుంది, ఆ ఏడాది కాళ్లూ చేతులూ అదుపులో ఉండవు, మోకాళ్ల నొప్పులు వస్తాయి, ఆట కొంచెం పాడవుతుంది కూడా, ఆ ఏడాదిలో మాన్పించేయకండి.

ఇక సెలెక్టర్లకి, ట్రయల్స్ పెట్టే అకాడమీలకి. మా దగ్గర పుట్టిన తేదీల లిస్ట్ ఉంది, మాకు తెలుసు, దృష్టిలో పెట్టుకుంటాం అని చాలామంది అంటారు. నెదర్లాండ్స్‌లో డేవిడ్ మన్, ప్లూన్ వాన్ గినెకెన్ సరిగ్గా ఇదే పరీక్షించి 2017లో ఫలితం ప్రచురించారు. పీఎస్‌వీ ఐండ్‌హోవెన్ అనే ఫుట్‌బాల్ క్లబ్‌లో కొత్త ఆటగాళ్లని వెతికే స్కౌట్‌లకి పిల్లల మ్యాచ్ చూపించి ర్యాంకులు వేయమన్నారు. పుట్టిన తేదీల కాగితం చేతికిచ్చినా వాళ్లు పెద్ద పిల్లల వైపే మొగ్గారు. అదే పిల్లలకి వయసు వరసలో చొక్కా నంబర్లు వేసి, నంబర్‌ని బట్టి ఎవరు పెద్ద ఎవరు చిన్న అని చూడగానే తెలిసేలా చేస్తే ఆ మొగ్గు పోయింది. కాగితం మీద ఉన్న తేదీ ఆట చూసేటప్పుడు గుర్తుకు రాదు, వీపు మీద ఉన్న నంబర్ వస్తుంది. జింఖానాలో గానీ ఉప్పల్‌లో గానీ గల్లీ అకాడమీలో గానీ ట్రయల్స్ రోజు ఎలాగూ పిల్లలకి నంబర్లు ఇస్తారు, వచ్చిన వరసలో. అందరికంటే పెద్దవాడికి ఒకటి, అందరికంటే చిన్నవాడికి చివరి నంబర్, అలా పుట్టిన తేదీ వరసలో ఇవ్వండి, అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు.